తారు వెయ్యని రోడ్డు మీద ఆర్కిటిక్ సముద్రం దాకా

(కాకినాడలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ ఆర్ అండ్ బీ ఇంజనీరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పెద్ద యాత్రికుడు అని పరిచయం చేశారు. యాత్రికుణ్ణి కాదండీ, నేను రోడ్లవాణ్ణి. సర్వీసంతా రోడ్ల మీదే గడిచింది. ఎక్కడికెళ్ళినా నా చూపు కొండల మీద కంటే కంకర మీదే ఉంటుంది. మా ఆవిడ అదే అంటుంది, "అక్కడ ఎలుగుబంటి పోతుంటే మీరు కల్వర్టు చూస్తారేంటండీ" అని. కాబట్టి ఇవాళ మీకు ఎలుగుబంట్లు తక్కువ, కల్వర్టులు ఎక్కువ. కాస్త ఓపిక పట్టండి.

మా అబ్బాయి కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంటాడు. వేసవిలో మేం వెళ్ళినప్పుడు, "నాన్నా, నయాగరా చూపించనా?" అన్నాడు. నయాగరా అందరూ చూస్తారు కదా, నాకు డెంప్‌స్టర్ హైవే చూపించు అన్నాను. వాడు నా వంక ఒకలా చూశాడు. ఎందుకంటే అది పక్క ఊరికి పోయే రోడ్డు కాదు. ఎడ్మంటన్ నుంచి డాసన్ క్రీక్ 590 కిలోమీటర్లు. అక్కడ అలాస్కా హైవే ఎక్కితే వైట్‌హార్స్ దాదాపు 1,420. అక్కణ్ణుంచి డాసన్ సిటీ ఇంకో 530. డాసన్ క్రీక్ వేరు, డాసన్ సిటీ వేరు, కంగారు పడకండి. రెండూ ఒకే జియాలజిస్టు పేరు మీద వచ్చినవే. ఇంత దూరం వెళ్ళాక, అప్పుడు మొదలవుతుంది అసలు రోడ్డు, డెంప్‌స్టర్. ఇనువిక్ అనే ఊరికి సుమారు 740, అక్కణ్ణుంచి టుక్టోయాక్‌టుక్ అనే ఊరికి ఇంకో 140. ఆ ఊరితో రోడ్డు అయిపోతుంది. తర్వాత సముద్రం. ఆర్కిటిక్ మహాసముద్రం. కెనడాలో తక్కిన రోడ్లతో కలిసి ఉండి, వేసవిలోనూ చలికాలంలోనూ నడిచే బాటలో ఆ సముద్రం దాకా మిమ్మల్ని తీసుకెళ్ళేది ఇదొక్కటే.

ముందు అలాస్కా హైవే గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది చెప్పకపోతే డెంప్‌స్టర్ సంగతి అర్థం కాదు. 1942. అంతకు ముందు డిసెంబరులోనే పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు వేసింది. అలాస్కాకి రోడ్డు లేదు. అమెరికా సైన్యం దిగింది, పదివేల మందికి పైగా. మార్చిలో పని మొదలుపెట్టారు, అక్టోబరు కల్లా రెండు వైపుల నుంచి వస్తున్న బుల్డోజర్లు కలుసుకున్నాయి. రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు, ఎనిమిది నెలలు! మన ఎస్టిమేటు శాంక్షన్ కావడానికే ఎనిమిది నెలలు చాలవు. నవ్వకండి, మీలో సగం మంది ఆ ఫైళ్ళు నడిపినవాళ్ళే. ఆ సైనికుల్లో మూడో వంతు నల్లజాతి రెజిమెంట్లవాళ్ళని చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా చెప్పలేదు.

సరే, వాళ్ళు ఏం చేశారు? మనం ఏం చేస్తాం? జంగిల్ క్లియరెన్స్ చేస్తాం. పైన ఉన్న గడ్డీ గాదం, మెత్తటి మట్టీ గీకి పారేసి గట్టి నేల తేలేదాకా పోతాం. వాళ్ళూ అదే చేశారు. పైన ఉన్న నాచు పొర గీకేశారు. కింద గట్టి నేల తేలింది. రాయిలా గట్టిగా ఉంది. సంతోషం. రెండో రోజుకి అది ఊబి. ట్రక్కులు ఇరుసుల దాకా దిగబడ్డాయి. ఎందుకు?

ఎందుకంటే అది రాయి కాదు, గడ్డకట్టిన బురద. పెర్మాఫ్రాస్ట్ అంటారు. వేల ఏళ్ళుగా కరగకుండా ఉన్న నేల. దానిలో మట్టితో పాటు మంచుగడ్డ ఉంటుంది. కొన్నిచోట్ల మట్టి కంటే మంచే ఎక్కువ. పైనున్న నాచు వేసవి ఎండని కిందికి దిగనివ్వదు. ఆ నాచు తీసేశారా, ఎండ నేరుగా తగిలి నేల కరిగి నీరవుతుంది. అప్పుడేం చేశారంటే, చెట్లు కొట్టి దుంగలు అడ్డంగా పరిచి, వాటి మీద మట్టిపోసి గట్టెక్కారు. నాచు ముట్టుకోకూడదని అక్కడ నేర్చుకున్నారు.

ఇప్పుడు డెంప్‌స్టర్‌కి వద్దాం. 1959లో మొదలుపెట్టారు. ప్రధాని డీఫెన్‌బేకర్. ఉత్తరాన ఖనిజాలున్నాయి, చమురుంది, రోడ్డు వేస్తే దేశం బాగుపడుతుందని ఆయన వాగ్దానం. ఇగ్లూ నుంచి ఇగ్లూకి రోడ్డా అని ప్రతిపక్షం ఎద్దేవా చేసింది. 1961లో డబ్బుల్లేక పని ఆగిపోయింది. కొద్ది దూరం వేసి వదిలేశారు. మనకి తెలియని కథా ఇది? 1968లో అలాస్కా ఉత్తర తీరాన ప్రూడో బేలో చమురు పడింది. అమ్మో, అమెరికావాడు ముందుకెళ్ళిపోతున్నాడు అని మళ్ళీ ఫైలు తెరిచారు. 1979 ఆగస్టు 18న ప్రారంభోత్సవం. ఇరవై ఏళ్ళు.

ఆ రోడ్డు ఎలా వేశారో చెబుతాను, నేను అంత దూరం వెళ్ళింది అది చూడ్డానికే. నాచు తియ్యలేదు. గడ్డి పీకలేదు. కట్టింగు అనే మాటే లేదు, మొత్తం ఫిల్లింగే. ఉన్న నేల మీద ఉన్నట్టే తెచ్చి కంకర పోశారు. ఎంత మందం? నాలుగు అడుగుల నుంచి, కొన్నిచోట్ల ఎనిమిది అడుగుల దాకా. బండ్ల బరువు మొయ్యడానికి అంత అక్కర్లేదండీ. కింద నేలని చల్లగా ఉంచడానికి. వేసవిలో ఎండ వేడి ఆ కంకర కట్టలో సగం దూరం దిగేసరికి వేసవి అయిపోవాలి. అదీ లెక్క. మన సర్వీసులో ఎవరైనా ఇలాంటి డిజైను చేశారా? మనం రోడ్డు వేస్తే నీళ్ళు ఎటు పోవాలో చూస్తాం. నల్లరేగడి అయితే అది ఉబ్బకుండా చూస్తాం. వాళ్ళు నేలకి వేడి తగలకుండా చూస్తారు. రోడ్డు పేరుతో అక్కడ కట్టింది నేలకి ఒక దుప్పటి.

మరి తారు వెయ్యరేం? మా అబ్బాయి అడిగాడు. ఇంత డబ్బున్న దేశం, బీటీ రోడ్డు వెయ్యలేరా? నల్లటి తారు ఎండని తాగుతుందిరా నాయనా. తాగి కిందికి పంపుతుంది. పైగా కింద నేల కదిలితే తారు పగులుతుంది, పగిలినచోటల్లా తవ్వి వెయ్యాలి. కంకరైతే గ్రేడర్ ఒకసారి తిప్పితే చాలు, చదును. రోడ్డు పొడుగునా ఆ గ్రేడర్లు తిరుగుతూనే ఉంటాయి. కంకర రోడ్డు చూసి వెనకబడిన ప్రాంతం అనుకుంటాం మనం. అక్కడ తారు వెయ్యకపోవడంలోనే ఇంజనీరింగు ఉంది.

అయితే నడిపేవాడి సుఖం మాట వేరు. దుమ్ము లేవకుండా కాల్షియం క్లోరైడు చల్లుతారు. ఎండలో బావుంటుంది, సిమెంటులా బిగుస్తుంది. చినుకు పడిందా, సబ్బు రాసినట్టు జారుడు. ఆ బురద బండికి పట్టి ఆరిందంటే ఉలీ సుత్తీ కావాలి. ఇక టైర్లు. రెండు స్టెప్నీలు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాం. ఓగిల్వీ కొండలు దాటాక కుడివైపు వెనక టైరు పోయింది. దిగి చూస్తే పలకరాయి ముక్క, వేలెడంత ఉంది, ఒక అంచు కత్తిలా ఉంది. అది టైరులో నిలువుగా దిగి ఉంది. జాకీ కింద పెట్టడానికి చెక్క ముక్క ఉండాలి, లేకపోతే జాకీ కంకరలోకి దిగబడుతుంది. అబ్బాయి టైరు మారుస్తుంటే నేనూ మా ఆవిడా చెరో తువ్వాలూ పట్టుకుని వాడి మీద దోమలు తోలుతున్నాం. దోమలంటే గోదావరి జిల్లా దోమలు కావు. మేఘం. ఆ పావుగంటలో రెండు బండ్లు వచ్చాయి, రెండూ ఆగాయి. "సాయం కావాలా?" అని అడగకుండా ఆ రోడ్డు మీద ఎవరూ పోరు. పోకూడదు. ఫోను సిగ్నల్ ఉండదు మరి.

ఆ దారిలో నాకొక ముచ్చట జరిగింది. ఒక వాగు వచ్చింది. నీళ్ళలో ఇనుము, రాళ్ళన్నీ తుప్పు రంగు. పేరేంటో తెలుసా? ఇంజనీర్ క్రీక్! దాని దగ్గర్లోనే శాపర్ హిల్ అని ఒక కొండ. శాపర్ అంటే సైన్యంలో ఇంజనీరు. ఓగిల్వీ నది దగ్గర వంతెనని 1971లో కెనడా ఆర్మీ ఇంజనీర్లు కట్టారు, వాళ్ళ గౌరవార్థం ఆ పేరు. బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగాను. మా ఆవిడ తీసింది, సణుక్కుంటూనే.

మరి డెంప్‌స్టర్ ఎవరు? ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. రోడ్డు లేని రోజుల్లో ఆ దారిన చలికాలం పోలీసు గస్తీ నడిచేది. కుక్కబండ్ల మీద. డాసన్ నుంచి ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కి, ఉత్తరాలు పట్టుకుని. 1910లో మాత్రం తిరగేసి, మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కి బయల్దేరారు. డిసెంబరు 21. ఇన్‌స్పెక్టర్ ఫిట్జ్‌జెరాల్డ్, ఆయనతో ఇంకో ముగ్గురు. ఆయన ఐదో జార్జి పట్టాభిషేకానికి లండన్ వెళ్ళాల్సినవాడు. తొందర. రికార్డు టైములో చేరాలని తిండి తక్కువ కట్టించాడు, బండి తేలిగ్గా ఉంటుందని. దారి చూపడానికి పెట్టుకున్న కార్టర్ ఆ దారిలో ఒక్కసారే నడిచాడు, అదీ ఎదురు దిక్కు నుంచి.

దారిలో ఈసా జార్జ్ అని ఒక గ్విచిన్ మనిషి కలిశాడు. గ్విచిన్ అంటే ఆ నేలలో పుట్టి పెరిగిన జాతి. కొన్ని రోజులు దారి చూపించాడు. జనవరి 1న అతనికి డబ్బులిచ్చి పంపించేశారు. ఇక మేం పోగలం అన్నారు. తర్వాత ఫారెస్ట్ క్రీక్ అనే ఒక వాగు మలుపు దొరకలేదు. వారం రోజులు వెతికారు. మంచులో అన్ని వాగులూ ఒకేలా ఉంటాయి. వెనక్కి తిరిగారు. తిండి అయిపోయింది, ఒక్కో కుక్కనే చంపుకుని తిన్నారు. ఫిబ్రవరిలో నలుగురూ పోయారు. మెక్‌ఫర్సన్ ఇంకెంతో దూరం లేదు, యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ.

వాళ్ళని వెతకడానికి ఫిబ్రవరి 28న డాసన్ నుంచి కార్పొరల్ డెంప్‌స్టర్ బయల్దేరాడు. మార్చిలో శవాలు దొరికాయి. ఆయన పేరే రోడ్డుకి పెట్టారు. ఆయన సమర్థుడే, కాదనను. కానీ ఆయనతో దారి చూపిస్తూ నడిచిన గ్విచిన్ మనిషి చార్లీ స్టీవర్ట్. మొదటి బృందానికి లేనిదీ, రెండో బృందానికి ఉన్నదీ ఆ మనిషే. అతని పేరు రోడ్డుకి లేదు. మనకి మాత్రం కొత్తా? రోడ్డు ఆఫీసరు పేరున ఉంటుంది, ఎలైన్‌మెంటు చూపించిన ఊరి మనిషి పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు. ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లో చర్చి పక్కన ఆ నలుగురి సమాధులున్నాయి. చూసే వచ్చాం.

మళ్ళీ రోడ్డుకి వద్దాం. డెంప్‌స్టర్ మొదలు నుంచి 369వ కిలోమీటరు దగ్గర ఈగిల్ ప్లెయిన్స్. ఊరు కాదు. ఒక హోటలు, ఒక పెట్రోలు బంకు, రోడ్డువాళ్ళ క్యాంపు. అంతే. అంతకు ముందు పెట్రోలు లేదు, తర్వాత మెక్‌ఫర్సన్ దాకా, అంటే ఇంకో 180 కిలోమీటర్ల దాకా లేదు. హోటలు అక్కడే ఎందుకు కట్టారు? అక్కడ రాయి పైకే ఉంది, పునాది కరుగుతుందన్న భయం లేదు. చూశారా, ఎటు తిరిగినా అదే మాట. గోడల నిండా ఆ చచ్చిపోయిన గస్తీవాళ్ళ పాత ఫొటోలు. వాటి కింద కూర్చుని భోంచెయ్యాలి. రోడ్డు కొన్నిచోట్ల ఉన్నట్టుండి వెడల్పవుతుంది, అక్కడ అవసరమైతే విమానం దిగుతుంది. రోడ్డే రన్‌వే.

ఇంకో 36 కిలోమీటర్లు పోతే ఆర్కిటిక్ వలయం. బోర్డు దగ్గర అందరూ ఫొటోలు. మేం వెళ్ళింది జులై మొదట్లో, సూర్యుడు అస్తమించడు. ఇనువిక్‌లో ఏడాదికి 56 రోజుల దాకా అంతే. రాత్రి పన్నెండింటికి కూడా మన సాయంత్రం ఐదున్నర ఎండ. మా ఆవిడకి పెద్ద ధర్మసందేహం, సంజె దీపం ఎప్పుడు పెట్టాలి? ఎడ్మంటన్ టైముకి పెట్టు అన్నాను. కాదు, కాకినాడ టైముకే పెడతాను అని ఫోనులో గడియారం చూసి పొద్దున్నే పెట్టింది. హోటలు గదిలో పొగ అలారం ఉంటుంది కాబట్టి బ్యాటరీ దీపం. ఆవకాయ సంగతీ చెప్పాలి. టూంబ్‌స్టోన్ పార్కులో క్యాంపులో ఉన్నప్పుడు, వాసన వచ్చేది ఏదైనా సరే, టూత్‌పేస్టుతో సహా, గుడారంలో ఉంచకూడదు, బండిలో పెట్టి తాళం వెయ్యాలి. ఎలుగుబంటి వస్తుంది. ఆవకాయ జాడీ వెంటనే బండిలోకి వెళ్ళిపోయింది.

క్యారిబూ, అంటే అక్కడి మంచు జింకలు, చూశారా అని అందరూ అడుగుతున్నారు. లేదండీ. పోర్క్యుపైన్ మంద అని ఒక పెద్ద మంద ఉంది, 2017 లెక్కలో రెండు లక్షల పైచిలుకు జంతువులు, చలికాలం ముందు అవి ఆ రోడ్డు దాటి పోతాయి. జులైలో అవి సముద్రం వైపు ఉంటాయి. మాకు ఒక్కటీ కనబడలేదు.

రెండు పెద్ద నదులు దాటాలి, పీల్, మెకంజీ. రెండింటికీ వంతెన లేదు. వేసవిలో పంటు, అచ్చం మన నరసాపురం రేవులో దాటినట్టే, కాకపోతే డబ్బులు తీసుకోరు. నీటిమట్టం మారినప్పుడల్లా లోడరుతో గట్టు మీద కంకర అటూ ఇటూ తోసి కొత్త దారి చేస్తారు. చలికాలంలో నది గడ్డకడుతుంది, దాని మీదే లారీలు పోతాయి. మధ్యలో గడ్డకట్టే వారాలు, కరిగే వారాలు ఉంటాయి చూడండి, అప్పుడు రెండూ ఉండవు. అటువైపు ఊళ్ళకి సరుకు విమానంలో రావాలి, కూరగాయల ధరలు ఆకాశంలో ఉంటాయి.

ఇనువిక్‌లో నాకు నచ్చినవి గొట్టాలు. మీరు నవ్వినా సరే. మంచినీళ్ళ పైపులు, మురుగు పైపులు నేలలో పాతలేరు. పాతితే గడ్డకట్టి పగులుతాయి, లేదా వాటి వేడికి నేల కరుగుతుంది. అందుకని రేకు పెట్టెల్లాంటి గొట్టాల్లో పెట్టి నేల మీద స్తంభాల పైన ఇంటింటికీ తిప్పారు. ఇళ్ళు కూడా పైల్స్, అంటే నేలలోకి దించిన స్తంభాల మీదే. ఇంటి కింద గాలి ఆడాలి, ఇంటి వెచ్చదనం నేలకి తగలకూడదు. ఆ ఊళ్ళో ఒక మసీదు కూడా ఉంది. విన్నిపెగ్‌లో కట్టి, 2010లో లారీ మీదా బార్జి మీదా దాదాపు 4,000 కిలోమీటర్లు మోసి తెచ్చి నిలబెట్టారు.

ఇనువిక్ నుంచి టుక్ (టుక్టోయాక్‌టుక్‌ని అందరూ అలాగే అంటారు) దాకా రోడ్డు 2017 నవంబరులో తెరిచారు. 300 మిలియన్ డాలర్ల పని. అంతకు ముందు చలికాలంలో గడ్డకట్టిన నది మీద, సముద్రం మీద నడిచే మంచు బాట ఒక్కటే. కొత్త రోడ్డు పని ఎక్కువగా చలికాలంలోనే చేశారు. నేల గట్టిగా ఉన్నప్పుడు జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద గడ్డకట్టిన కంకరే పోశారు. మనం వర్షాకాలం వస్తుందని పని ఆపుతాం, వాళ్ళు ఎండాకాలం వస్తుందని ఆపుతారు.

టుక్ దగ్గర చదును నేల మీద ఉన్నట్టుండి కొండలు లేస్తాయి, పింగోలు అంటారు. లోపలంతా మంచు. చెరువు ఎండిపోతే దాని అడుగు గడ్డకడుతూ నీటిని ఒత్తుతుంది, ఆ నీరు పైకి తన్ని గడ్డకట్టి నేలని లేపుతుంది. ఇబ్యుక్ అనేది 49 మీటర్ల ఎత్తు, ఇంకా పెరుగుతోంది. సముద్రం ఒడ్డున పెద్ద పెద్ద మానులు పడి ఉన్నాయి. చుట్టుపక్కల చెట్టు లేదు! మెకంజీ నది ఎక్కడో దక్షిణాన అడవుల నుంచి కొట్టుకొచ్చి పడేసినవి. మా వాడు బూట్లు విప్పి నీళ్ళలో దిగి, అరిచి, బయటికొచ్చాడు.

ఆ ఒడ్డు కోసుకుపోతోంది. ఒడ్డు కూడా గడ్డకట్టిన మట్టే కదా. సముద్రం మీద మంచు ఉండే నెలలు తగ్గేసరికి అలలు నేరుగా తగులుతున్నాయి, మట్టి కరిగి జారుతోంది. ఒడ్డునున్న కొన్ని ఇళ్ళని వెనక్కి జరిపారు. కొత్త రోడ్డు మీద కూడా పక్కలు కుంగినచోట్లు నేను చూశాను, కట్ట అంచుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీళ్ళు నిలిచాయంటే కింద కరుగుతోందన్నమాట. దుప్పటి కప్పితే సరిపోతుందనుకున్నారు, గది వేడెక్కుతుందని ఆ రోజుల్లో ఎవరు లెక్క వేశారు? ఏటా కంకర పొయ్యాల్సిందే. మెయింటెనెన్సు లేని రోడ్డు ఉండదని మనం ఎప్పుడూ చెప్పేదే, ఎప్పుడూ ఎవరూ విననిదే.

వెనక నుంచి ఒకాయన అడుగుతున్నారు, ఈ వయసులో వెళ్ళగలమా అని. వెళ్ళొచ్చండీ, నడిపేవాడు ఉండాలి. అద్దె కార్లవాళ్ళు చాలామంది కంకర రోడ్డుకి ఒప్పుకోరు, ముందే అడగండి. ఏ నెల అంటారా? ఎండ కావాలంటే జులై. దోమలు వద్దు, రంగులు కావాలంటే ఆగస్టు చివర, అప్పుడు నేలంతా ఎర్రబడుతుందట. అక్టోబరు, మే వద్దు. ఆ నెలల్లో పంటూ నడవకపోవచ్చు, నది మీద మంచూ నమ్మకం కాదు. టిక్కెట్లు కొనే ముందు అది చూసుకోండి.